పిడికెడు గింజలతో హైస్కూళ్ళు: కర్మవీర్ భావురావ్ పాటిల్



మన సంఘం స్మారక సంచికలో ఇన్నేళ్ళుగా మనవాళ్ళ చరిత్రే రాసుకుంటూ వచ్చాం. కొమురం భీం గురించి రాశాం, బిర్సా ముండా గురించి రాశాం. ఈసారి మన గూడేలకు ఎప్పుడూ రాని, మన భాష మాట్లాడని ఒక మనిషి జీవితం రాస్తున్నాం. ఆయన ఆదివాసీ కాదు. మహారాష్ట్రలో ఒక జైన రైతు కుటుంబంలో పుట్టినవాడు. ఈయన ఎందుకు అని మా కమిటీలోనే ఇద్దరు ముగ్గురు అడిగారు. న్యాయమైన ప్రశ్నే.

దానికి కారణం పోయిన సర్వసభ్య సమావేశం. ఆ రోజు మధ్యాహ్నమంతా ఒక్క విషయమే నడిచింది. పదో తరగతి దాకా ఆశ్రమ పాఠశాలలో ఎలాగో లాక్కొచ్చిన పిల్లలు ఆ తర్వాత ఎందుకు ఆగిపోతున్నారు? ఫీజు లేదు కదా అని ఒకరన్నారు. ఫీజు లేకపోతే సరా, పట్నంలో ఎక్కడుంటారు, ఏం తింటారు, బస్సుకు ఎవరిస్తారు అని వెనక వరుసలోంచి ఒక తల్లి అడిగింది. సంఘం నిధి పెట్టాలని తీర్మానం రాశాం. నిధిలో డబ్బు ఎక్కడినుంచి వస్తుందో మాత్రం రాయలేదు. ఆ ఖాళీ గీత దగ్గరే మాకు భావురావ్ పాటిల్ గుర్తుకొచ్చాడు. ఆ తల్లి అడిగిన ప్రశ్ననే ఆయన వందేళ్ళ కిందట అడిగాడు, జీవితమంతా దానికి జవాబు వెతుకుతూ తిరిగాడు.

భావురావ్ 1887 సెప్టెంబర్ 22న కొల్హాపూర్ ప్రాంతంలోని కుంభోజ్ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి పాయగౌండ పాటిల్ రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఊరూరా బదిలీలు కావడంతో పిల్లవాడి చదువు కూడా ఊరూరా తిరిగింది. ఇస్లాంపూర్‌లో ఉన్నప్పటి కథ ఒకటి అక్కడివారు ఇప్పటికీ చెప్పుకుంటారు. దళితులను బావి దగ్గరికి రానీయకపోతే, ఎవరో దయతలచి నీళ్ళు పోసేదాకా వాళ్ళు ఎండలో నిలబడి ఉండేవారట. అది చూసిన కుర్రవాడు కోపం పట్టలేక బావి మీది గిలకను విరగ్గొట్టి బావిలో పడేశాడట. మంచిపనో చెడ్డపనో మీరే తేల్చుకోండి. గిలక పోయాక ఆ రోజు నీళ్ళు ఎవరికీ దొరికి ఉండవు. పెద్దయ్యాక మాత్రం ఆయన ఏదీ విరగ్గొట్టలేదు, అన్నీ కట్టుకుంటూనే పోయాడు.

పై చదువుకు కొల్హాపూర్ వెళ్ళాడు. అప్పటి కొల్హాపూర్ గురించి నాలుగు మాటలు చెప్పకుండా ఈ కథ ముందుకు సాగదు. అక్కడ రాజు శాహూ మహారాజ్. 1902లోనే తన సంస్థానం కొలువుల్లో వెనుకబడిన వర్గాలకు సగం ఖాళీలు కేటాయించిన రాజు ఆయన. కొలువులు కేటాయించగానే సరిపోదని, వాటికి తగ్గ చదువు చదివిన పిల్లలు ఉండాలని ఆయనకు తెలుసు. హైస్కూలు పట్నంలో ఉంది, పిల్లలు పల్లెల్లో ఉన్నారు. అందుకని పట్నంలో వసతి గృహాలు పెట్టించాడు. మరాఠాలకు ఒకటి, జైనులకు ఒకటి, ముస్లింలకు ఒకటి, లింగాయతులకు ఒకటి, ఇలా ఒక్కో కులానికి ఒక్కో ఇల్లు. అంటరానివారని పక్కన పెట్టిన కులాల పిల్లల కోసం 1908లో మిస్ క్లార్క్ పేరుతో ఒక వసతి గృహం వెలిసింది.

భావురావ్ రాజారాం హైస్కూల్లో చదువుతూ జైనుల వసతి గృహంలో ఉండేవాడు. మిస్ క్లార్క్ వసతి గృహం ప్రారంభ సభకు వెళ్ళొచ్చాడు. వచ్చాక మైల పోవడానికి స్నానం చేయాలన్నారు పెద్దలు. చేయనన్నాడు. వసతి గృహం నుంచి బయటికి పంపేశారు. కొన్నాళ్ళు శాహూ మహారాజ్ ఆశ్రయంలోనే ఉన్నాడు. చదువు మాత్రం గట్టెక్కలేదు. మెట్రిక్ దాకా కూడా రాకుండానే హైస్కూల్లోనే ఆగిపోయాడు. వందకు పైగా హైస్కూళ్ళు పెట్టిన మనిషికి హైస్కూలు సర్టిఫికెట్ లేదన్న సంగతి మీరు గుర్తుపెట్టుకోండి. ఫెయిలయ్యామని ఇంట్లో ముఖం చాటేసే తమ్ముళ్ళు మాకు తెలుసు కాబట్టి చెబుతున్నాం.

ఆ రోజుల్లోనే ఇంకొక సంగతి జరిగింది. ఒక పల్లె బడిలో దళిత పిల్లవాడు తరగతి గది బయట కూర్చుని పాఠం వినడం భావురావ్ చూశాడు. మాస్టారుతో వాదన పెట్టుకుంటూ కూర్చోలేదు. ఆ పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని కొల్హాపూర్ వెళ్ళి మిస్ క్లార్క్ వసతి గృహంలో చేర్పించాడు. ఆ పిల్లవాడు తర్వాత బొంబాయి శాసనమండలిలో సభ్యుడయ్యాడు. ఒక పిల్లవాడి తలరాత మారడానికి పట్నంలో ఒక పడక, రెండు పూటల తిండి చాలునని భావురావ్ అప్పుడే కళ్ళారా చూశాడని మేమనుకుంటున్నాం.

తర్వాతి పదేళ్ళు ఆయన బతుకుతెరువు చూసుకున్నాడు. సతారాలో పిల్లలకు ట్యూషన్లు చెప్పాడు, అక్కడ పాటిల్ మాస్టారుగా పేరొచ్చింది. 1914లో కొల్హాపూర్‌లో విగ్రహానికి ఎవరో తారు పూశారన్న కేసులో పోలీసులు ఆయనను ఇరికించారు. ఒక పెద్దమనిషి మీద దొంగ సాక్ష్యం చెబితే వదిలేస్తామన్నారు. చెప్పలేదు, జైలు అనుభవించాడు. బయటికొచ్చాక ఓగలేవారి గాజు కర్మాగారంలో తయారయ్యే లాంతర్లకు, ఆ తర్వాత కిర్లోస్కర్ ఇనుప నాగళ్ళకు అమ్మకాల ప్రతినిధిగా పనిచేశాడు.

ఈ అమ్మకాల పనిని జీవితచరిత్రలు రాసేవారు ఒక్క వాక్యంలో దాటేస్తారు. మాకు మాత్రం ఆయన అసలు చదువు ఇదేననిపిస్తుంది. నాగలి అమ్మాలంటే రైతు ఇంటికి వెళ్ళాలి, అరుగు మీద కూర్చోవాలి, పంట ఎప్పుడొస్తుందో, చేతిలో డబ్బు ఎప్పుడుంటుందో, ఎప్పుడుండదో తెలియాలి. అప్పులిచ్చేవాడు లెక్క ఎలా రాస్తున్నాడో, చదువురాని రైతు దాని కింద వేలిముద్ర ఎలా వేస్తున్నాడో ఆయన ఊరూరా చూశాడు. జ్యోతిరావ్ ఫూలే 1873లో మొదలుపెట్టిన సత్యశోధక్ సమాజ్ సభలకు కూడా వెళ్ళేవాడు. పగలు నాగళ్ళు అమ్మి సాయంత్రం సభల్లో మాట్లాడేవాడు.

1919 అక్టోబర్ 4, విజయదశమి. కరాడ్ దగ్గర కాలే అనే పల్లెలో రయత్ శిక్షణ సంస్థ పుట్టింది. రయత్ అంటే ప్రజ. మన తెలుగు రైతు అన్న మాటకూ అదే మూలం. పేరులోనే ఎవరికోసమో ఉంది. ఒక కులం పేరు లేదు, దాత పేరు లేదు. శాహూ మహారాజ్ ఒక్కో కులానికి ఒక్కో వసతి గృహం పెడితే, భావురావ్ అన్ని కులాలకూ కలిపి ఒకే ఇల్లు పెట్టాలనుకున్నాడు. గురువుగా భావించిన రాజుకంటే ఒక అడుగు ముందుకేశాడు.

ఇక్కడ కొంచెం ఆగి లెక్క చూద్దాం. ఆ రోజుల్లో ప్రాథమిక బడి అక్కడక్కడ పల్లెల్లో ఉండేది. హైస్కూలు మాత్రం జిల్లా కేంద్రంలోనో తాలూకా పట్నంలోనో. పేద రైతు కొడుకు నాలుగో తరగతి దాటాక చదవాలంటే ఊరు దాటాలి. బడి ఫీజు ఒక ఖర్చు. దానికంటే పెద్దది పట్నంలో ఉండే ఖర్చు. అన్నిటికంటే పెద్ద ఖర్చును ఎవరూ లెక్కలో రాయరు. పన్నెండేళ్ళ పిల్లవాడు ఇంట్లో లేకపోతే పశువులను ఎవరు కాస్తారు, కోతకు ఎవరొస్తారు? ఈ మూడిట్లో మొదటిది మాఫీ చేసి ప్రభుత్వాలు చేతులు దులుపుకుంటాయి. భావురావ్ రెండోదాని మీద చెయ్యి వేశాడు. మూడోదాని జోలికి తర్వాత వెళ్ళాడు, ఆ సంగతి ముందు చెబుతాం.

1924లో మకాం సతారాకు మార్చి అక్కడ వసతి గృహం తెరిచాడు. మహార్, మాంగ్, మరాఠా, ముస్లిం, జైన పిల్లలు ఒకే కప్పు కింద. ఒకే పొయ్యి, ఒకే పంక్తి. వండేదీ వడ్డించేదీ పిల్లలే, వంతులు వేసుకుని. 1924లో ఇది మామూలు విషయం కాదు. పల్లెల నుంచి వచ్చిన తల్లిదండ్రుల్లో కొందరు పంక్తి చూసి పిల్లవాణ్ణి వెనక్కి తీసుకెళ్ళాలనుకుంటే ఆశ్చర్యం లేదు. ఆయన మాత్రం ఆ ఒక్క విషయంలో ఎవరికోసమూ మెత్తబడలేదు.

తిండి ఎక్కడిది? ఇక్కడే ముష్టి ఫండ్ వస్తుంది. మరాఠీలో ముష్టి అంటే పిడికిలి, పిడికెడు. మన తెలుగులో ఆ మాట ఎంత దిగజారిందో మీకు తెలుసు. వాళ్ళకు అది నిధి పేరు. ఇంటి ఇల్లాలు వంటకు గింజలు తీసేటప్పుడు ఒక పిడికెడు పక్కన కుండలో వేస్తుంది. పిల్లలు ఇంటింటికీ వెళ్ళి ఆ గింజలు పోగుచేసుకొస్తారు. జొన్నలు కావచ్చు, సజ్జలు కావచ్చు. పిడికెడు గింజలు తీసినందుకు ఏ ఇల్లూ పస్తు ఉండదు. ఊరంతా కలిస్తే వసతి గృహంలో పొయ్యి వెలుగుతుంది. ఇంకొక సంగతి కూడా ఉంది. పిడికెడు వేసిన ఇల్లాలు మా పిల్లలు ఎలా చదువుతున్నారని అడుగుతుంది. పదివేలు చందా ఇచ్చి ఫొటో దిగి వెళ్ళిపోయినవారు అడగరు. మేము చందాలు వసూలు చేసినవాళ్ళం కాబట్టి ఈ తేడా మాకు బాగా తెలుసు.

పంటలు పోయిన ఏడాది పిడికెడు కూడా కరువే. ఆ రోజుల భారం లక్ష్మీబాయి మీద పడింది. భావురావ్ భార్య. సంప్రదాయం గట్టిగా పాటించే జైనుల ఇంటి ఆడపడుచు, మడి ఆచారాల మధ్య పెరిగిన మనిషి. పెళ్ళయ్యాక తన ఇంట్లో అన్ని కులాల పిల్లలూ తిరుగుతుంటే మొదట్లో ఆమెకు ఎంత కష్టమై ఉంటుందో ఊహించుకోండి. అయినా ఆ పిల్లలకు ఆమే తల్లయింది. జ్వరమొస్తే పక్కన కూర్చుంది, తలలు దువ్వింది. నగలు ఒక్కొక్కటే గింజలుగా మారాయి. ఒకసారి భావురావ్ చందాల కోసం ఊళ్ళు తిరుగుతూ ఉన్నాడు, ఇంట్లో గింజ లేదు, పిల్లలు ఆకలితో ఉన్నారు. ఆమె మెడలోని మంగళసూత్రం కూడా ఇచ్చేసి ధాన్యం తెప్పించింది. ఆ కాలపు ఆడమనిషికి అది ఎంత పెద్ద పనో మన అమ్మమ్మలను అడిగితే చెబుతారు.

1930లో ఆమె చనిపోయింది. పెద్ద సంస్థగా ఎదిగిన రయత్‌ను ఆమె చూడలేదు. పుస్తకాల్లో భావురావ్‌కు పేజీలు, ఆమెకు పేరాలు దక్కుతాయి. మేమూ ఒక పేరాయే రాశాం. తప్పు మాకూ తెలుస్తూనే ఉంది.

ఇంతలో 1927 ఫిబ్రవరి 25న గాంధీజీ సతారా వచ్చి ఆ వసతి గృహాన్ని చూశాడు. అన్ని కులాల పిల్లలు ఒకచోట ఉండడం తన ఆశ్రమంలో తాను చేయాలనుకున్న పని. ఆయన చేతుల మీదుగానే దానికి ఛత్రపతి శాహూ బోర్డింగ్ హౌస్ అని పేరు పెట్టారు. అప్పటికే భావురావ్ ఖద్దరు కట్టేవాడు. తెల్లటి పొడవాటి గడ్డం, ముతక ఖద్దరు, ఊళ్ళు తిరిగే కాళ్ళు. పిల్లలు ఆయనను అన్న అని పిలిచేవారు. మరాఠీలోనూ అన్న అంటే అన్నే.

డబ్బు విషయంలో ఆయన మోసపోయిన సంగతి కూడా చెప్పాలి. సతారా ప్రాంతంలో ఒక వ్యాపారి కర్మాగారం పెట్టేటప్పుడు భావురావ్ దానికోసం చాలా తిరిగాడు, చాలా కష్టపడ్డాడు. లాభాల్లో కొంత వాటా పేద పిల్లల చదువుకు ఇస్తానన్నది మాట. కర్మాగారం నిలదొక్కుకుంది, మాట నిలవలేదు. భావురావ్ కోపంతో ఆ పని వదిలేసి పూర్తిగా సంస్థలోకి వచ్చేశాడు. మాట కాగితం మీద లేకపోతే సంఘాలకు ఏమవుతుందో నేర్చుకోవడానికి ఇది మంచి ఉదాహరణ. మన సంఘానికీ ఇలాంటి హామీలు వేదికల మీద చాలా వచ్చాయి.

1935లో సంస్థ రిజిస్టరు అయింది. అదే ఏడు సతారాలో గ్రామీణ ఉపాధ్యాయ శిక్షణ కళాశాల పెట్టాడు. దానికి సిల్వర్ జూబిలీ అని పేరు, అంటే బ్రిటిష్ చక్రవర్తి అయిదో జార్జి పాలన రజతోత్సవం పేరు. ఖద్దరు కట్టి గాంధీని నమ్మిన మనిషి కళాశాలకు చక్రవర్తి రజతోత్సవం పేరు! మొదటిసారి చదివినప్పుడు మేము నవ్వుకున్నాం. తర్వాత అర్థమైంది. ఆయనకు పేర్లు కూడా ఒక పెట్టుబడే. ఏ పేరు పెడితే ఏ తలుపు తెరుచుకుంటుందో నాగళ్ళు అమ్మినవాడికి తెలియదా? ఆ కళాశాలకే తర్వాత మహాత్మా ఫూలే పేరొచ్చింది.

ముందు శిక్షణ కళాశాల ఎందుకు? పల్లెల్లో బడి పెట్టాలంటే పల్లెలో ఉండడానికి ఒప్పుకునే మాస్టారు కావాలి. పట్నం నుంచి వచ్చిన మాస్టారు శనివారం వెళ్ళి మంగళవారం వస్తాడు. మనకిది కొత్తగా చెప్పాలా? అందుకని పల్లె పిల్లలనే చదివించి మాస్టర్లను చేసి పల్లెలకే పంపాడు. వాళ్ళతో వందలకొద్దీ స్వచ్ఛంద ప్రాథమిక పాఠశాలలు నడిచాయి. ఒక్కో మాస్టారు, గుడి మంటపమో చావడో ఏదైతే అది బడి.

ఆ బడుల నుంచి వచ్చే పిల్లలకు పైన హైస్కూలు కావాలి కదా. 1940 ప్రాంతంలో సతారాలో మహారాజా సయాజీరావ్ హైస్కూలు వచ్చింది. బరోడా రాజు సయాజీరావ్ గైక్వాడ్ పేరు అది. 1913లో అంబేద్కర్‌ను అమెరికా పంపి మూడేళ్ళపాటు నెలకు 11.5 పౌండ్ల విద్యార్థి వేతనం ఇచ్చిన రాజు ఆయనే. ఈ హైస్కూల్లో చదువు ఉచితం, వసతి అక్కడే. ఖర్చు సగం పిల్లల చేతుల్లోంచే రావాలి. సంపాదిస్తూ చదువు అన్నది ఆ బడి పద్ధతి.

ఇదే మేము ముందు చెబుతామన్న మూడో లెక్క. పని చేసే పిల్లవాణ్ణి ఇంటినుంచి తెచ్చేస్తే ఇంటికి నష్టం, సంస్థకు ఖర్చు. సరే, పని చేస్తూనే చదవనీ అన్నాడు భావురావ్. రాళ్ళ నేల ఇస్తే పిల్లలు దాన్ని చదును చేసి పొలం చేశారు. కూరగాయలు పండించారు, గోడలు కట్టారు, బావి తవ్వారు. ఆ కూరగాయలే వంటింటికి. పొద్దున కొంతసేపు పని, తర్వాత తరగతి. దానం తీసుకున్న పిల్లవాడు తల దించుకుంటాడు, సంపాదించుకున్నవాడు దించుకోడు అని ఆయన నమ్మకం.

ఈ పద్ధతి గురించి మాలో మాకే రెండు అభిప్రాయాలున్నాయి, దాచడం ఎందుకు. మాలో కొందరం చిన్నప్పుడు హాస్టళ్ళలో వంటచెరకు మోశాం, గిన్నెలు తోమాం, ఆ పనిలో తరగతులు పోగొట్టుకున్నాం. పని చేస్తే చదువు విలువ తెలుస్తుందని ఎవరైనా అంటే ఇప్పటికీ మాకు అరచేతులు మండుతాయి. భావురావ్ పద్ధతి అదే కాదా అని ఒక సభ్యుడు అడిగాడు. చాలాసేపు వాదించుకున్నాక మాకు తేలినదేమిటంటే, అక్కడ పనికి లెక్క ఉంది, పనికి వేళ ఉంది, ఫలం పిల్లల పళ్ళెంలోకే వచ్చింది, అన్నిటికీ మించి అన్న తానే పార పట్టుకుని ముందు నిలబడ్డాడు. ఇవి లేకపోతే అది వెట్టి. అయినా ఆ సభ్యుడు పూర్తిగా ఒప్పుకోలేదు. ఆయన మాట కూడా ఇక్కడ ఉండాలనే రాస్తున్నాం.

1947లో సతారాలో ఛత్రపతి శివాజీ కళాశాల పెట్టాడు. అదీ ఉచితమే, అక్కడా సంపాదిస్తూ చదువే. పల్లెటూరి పిల్లలు పార పట్టుకుని కాలేజీకి వెళ్ళడం చూసి పట్నంవాళ్ళు నవ్వి ఉంటారు. ఆ పిల్లల్లో మాస్టర్లు, లాయర్లు, ప్రజాప్రతినిధులు వచ్చారు.

గాంధీ హత్య తర్వాత ఆయన పేరు మీద 101 హైస్కూళ్ళు పెడతానని భావురావ్ పట్టుబట్టాడు. అదే సమయంలో పెద్ద దెబ్బ తగిలింది. ప్రభుత్వం మీద ఘాటుగా మాట్లాడాడన్న కోపంతో బొంబాయి ప్రభుత్వం సంస్థకు గ్రాంటు ఆపేసింది. అప్పటికి వందల బడులు, మాస్టర్ల జీతాలు, పిల్లల తిండి. ఆయన మళ్ళీ ఊళ్ళ మీద పడ్డాడు. ప్రజలు మళ్ళీ గింజలు పోశారు, చందాలిచ్చారు. చేతిలో చీపురు పట్టుకుని ఊళ్ళు ఊడుస్తూ తిరిగే గాడ్గే మహారాజ్ మధ్యలో నిలబడి ముఖ్యమంత్రికి నచ్చజెప్పాడని, దాంతో గ్రాంటు తిరిగొచ్చిందని అక్కడివారు చెబుతారు. 1954లో కరాడ్‌లో పెట్టిన కళాశాలకు భావురావ్ ఆ సాధువు పేరే పెట్టాడు. గాడ్గే మహారాజ్ బడికి వెళ్ళి చదువుకున్నవాడు కాదు.

గ్రాంటు మాట వచ్చింది కాబట్టి మన సంగతి ఒకటి. పదో తరగతి దాటిన చదువుకు ఇచ్చే కేంద్ర ఉపకార వేతనం 1944లో మొదట ఎస్సీ విద్యార్థులకు మొదలైంది. 1948లో ఎస్టీలకు విస్తరించింది. తొమ్మిది, పది తరగతుల ఎస్టీ పిల్లలకు కేంద్ర పథకం వచ్చింది 2012లో. మధ్యలో అరవైనాలుగేళ్ళు. పది దాటిన తర్వాత డబ్బుంది, పది దాకా రావడానికి ఆశ్రమ పాఠశాలలో సీటు దొరకని పిల్లవాడికి కేంద్రం నుంచి వేతనం లేదు. మన నాన్నల తరంలో ఎంతమంది ఆ మధ్య మెట్టు దగ్గరే దిగిపోయారో ఎవరూ లెక్క రాయలేదు. ఇప్పుడు హక్కుగా వచ్చేదాన్ని వదులుకోకండి. దరఖాస్తులో తప్పు ఉంటే సంఘం దగ్గరికి రండి, కుల ధృవీకరణ పత్రం, బ్యాంకు ఖాతా, ఆధార్ పేర్లు కలవకపోతే ముందే సరిచేయించుకోండి. గ్రాంటు కోసం పోరాడడం, గ్రాంటు రాకపోయినా బడి నడపడం, భావురావ్ రెండూ చేశాడు.

ఆడపిల్లల విషయంలో ఆయన ఆలస్యంగానే మొదలుపెట్టాడు. తొలి ఏళ్ళలో వసతి గృహాలన్నీ మగపిల్లలవే. తర్వాత సతారాలో స్త్రీలకు జిజామాత పేరుతో ఉపాధ్యాయ శిక్షణ విద్యాలయం వచ్చింది. లక్ష్మీబాయి బతికి ఉంటే అది ఇంకా ముందే వచ్చేదేమో.

1959 నాటికి రయత్ శిక్షణ సంస్థ కింద 38 వసతి గృహాలు, 578 స్వచ్ఛంద పాఠశాలలు, 108 హైస్కూళ్ళు, 6 శిక్షణ కళాశాలలు, 3 కళాశాలలు నడుస్తున్నాయి. నలభై ఏళ్ళ పని. ఆ ఏడే ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. పూనా విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది, హైస్కూలు గట్టెక్కని మనిషికి. కర్మవీర్ అన్న బిరుదు మాత్రం అంతకు చాలా ముందే జనం ఇచ్చారు. 1959 మే 9న పూనాలో కన్నుమూశాడు. సతారాలో సమాధి ఉంది. సంస్థ గుర్తు మర్రిచెట్టు, ఊడలు దిగిన మర్రిచెట్టు.

ఇది చదివాక మన సంఘం నిధి సంగతి ఏమైందని మీరు అడుగుతారు. ఆ ఖాళీ గీత ఇంకా పూర్తిగా నిండలేదు. నెలకు ఇంటికొక్క శేరు గింజలు అని మూడు గూడేల్లో మొదలుపెట్టాం. కొందరు బియ్యం ఇస్తున్నారు, కొందరు జొన్నలు, ఒక పెద్దమ్మ ఇప్పపువ్వు ఇచ్చింది. పట్నంలో గది తీసుకుని చదువుతున్న పిల్లలకు ఆ గింజలు చేరుతున్నాయి. అవి చాలడం లేదు. ఉద్యోగాల్లో ఉన్న అన్నలు, అక్కలు బస్సు ఛార్జీల వంతు పంచుకుంటామన్నారు. ఈసారి కాగితం మీద రాయించుకున్నాం.

సతారాలో లక్ష్మీబాయి పేరుతో ఒక సహకార పరపతి సంఘం ఉంది. పై చదువుకు డబ్బు లేని పిల్లలకు అప్పు ఇవ్వడం దాని పని. చదివి ఉద్యోగం వచ్చాక వాళ్ళు తిరిగి కడతారు, ఆ డబ్బు వెనకాల వచ్చేవాళ్ళకు వెళుతుంది. ఆమె మెడలోంచి తీసి ఇచ్చిన మంగళసూత్రం మళ్ళీ ఆమెకు దొరకలేదు.